తోటలో అమ్మను దించిన రోజు

మా మనవరాలు కర్నూలు నుంచి వచ్చినప్పుడల్లా నాకేదో ఒక పరీక్ష పెట్టకుండా పోదు. ఈసారి ఫోన్ తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. ఆఫీసులో వాళ్ళ జట్టంతా కలిసి వారానికొక ఫోటో పందెం వేసుకుంటున్నారట. పోయిన వారం పందెం తోటబొమ్మలు. ఒకతను సిమెంటు కప్పకు కళ్ళజోడు పెట్టి పేపరు చదివించాడు. ఇంకొకామె పూలకుండీల నడుమ మట్టిబొమ్మలకు పెళ్ళి చేసింది. ఈ వారం పందెం వేరే. చూసినవాళ్ళెవరూ అదేమిటో చెప్పలేని ఫోటో తీయాలి. "అవ్వా, ఇదేందో చెప్పు చూద్దాం" అని ఏవో ఎర్రటి మడతలు చూపించింది. ఎండుమిరపకాయను చీల్చి లోపలివైపు తీశావు, అంతే గదా అన్నాను. పిల్ల ముఖం మాడిపోయింది. ఆఫీసులో ఒక్కరూ చెప్పలేకపోయారట. ఈ ఆట మేము రెండో ప్రపంచయుద్ధం రోజుల్లోనే, బొగ్గుతో నడిచే బస్సుల కాలంలోనే ఆడామంటే నమ్మలేదు, పైగా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ముసలివాళ్ళు ఏది చెప్పినా ఈ కాలం పిల్లలకు కోతలుగానే ఉంటుంది. ఆమె బస్సెక్కి పోయాక కోపమైతే చల్లారింది గానీ ఆ ఆట నన్ను వదల్లేదు. అందులో మేము ఏం పోగొట్టుకున్నామో ఆ పిల్లకు తెలియదు. మా ఇంట్లో ఆ సంగతి ఎవరమూ పెద్దగా మాట్లాడుకున్నది లేదు. అందుకే రాస్తున్నాను.

మా ఊరు ఓర్వకల్లుకు అవతల, రాతిగుండ్ల నడుమ ఉంటుంది. పగలంతా తాగిన ఎండను ఆ గుండ్లు పొద్దు గూకాక మా మీదికే వదిలేవి. ఇల్లంతా నాపరాళ్ళు పరిచి ఉండేది. పొద్దున కళ్ళు తెరవకముందే చెవికి జొన్నరొట్టె తట్టే చప్పుడు, ముక్కుకు పెనం మీద కాలే పిండి వాసన, దాని వెనకాలే జేజి నశ్యం ఘాటు వచ్చేవి. జేజి అంటే మా నాయనను కన్నతల్లి. ఇంటి పెత్తనమంతా ఆమెదే. నశ్యం డబ్బీ రొంటిన దోపుకొని, చేతిలో చీపురుతో, ఎండబోసిన మిరపకాయల మీద కాకి వాలితే ఆ కాకి వంశాన్నంతా తిట్టేది. నోరు ఎంత పెద్దదో చెయ్యీ అంత పెద్దది. ఆమె ఇంట్లో ఉండగా మా గడప ముందు నిలబడిన ఏ బిచ్చగాడూ ఉత్త కడుపుతో పోలేదు. మా నాయన శెనక్కాయ చేను, ఎద్దులు తప్ప వేరే లోకం లేని మనిషి. తల్లి మాటకు ఆయన ఎదురు చెప్పగా నేను వినలేదు.

ఎదురు చెప్పేది ఒక్క చిన్నాయనే. నాయనకు తమ్ముడు, పేరు వెంకటేశు. కర్నూలుకు చదువుకోవడానికి పోయి, చదువు అబ్బక, ఒక పాత పెట్టె కెమెరాతో తిరిగొచ్చాడు. నల్లతోలు అతికించిన పెట్టె, పక్కన ఒక మీట, పైన చిన్న అద్దం. కడుపుకు ఆనించుకొని, ఊపిరి బిగబట్టి, మీట నొక్కాలి. కెమెరా అయితే వచ్చింది గానీ దాని ముందు కూర్చునే మనిషి ఊళ్ళో ఒక్కరూ దొరకలేదు. ఎందుకంటే మా వైపు అప్పట్లో ఫోటో అనేది చచ్చినవాళ్ళకే. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా పోతే కర్నూలుకు మనిషిని పంపేవాళ్ళు. ఫోటో ఆయన వచ్చేలోగా శవానికి స్నానం చేయించి, కొత్తబట్టలు కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, పడిపోకుండా వెనకనుంచి గుడ్డతో కట్టేవాళ్ళు. ఫోటో తయారయ్యాక దాని మీద కుంచెతో కళ్ళు తెరిపించేవాళ్ళు. మా గోడ మీద జేజి భర్త, మా జేజినాయన, అట్లాగే ఉండేవాడు, కుర్చీలో బిర్రుగా, ఆయనవి కాని కళ్ళతో. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీ అదే. దాంట్లో మేమెవరమూ కూర్చునేవాళ్ళం కాదు.

పైగా ఆ మాట ఒకటి. మేము ఫోటో తీయడం అనం, దించడం అంటాం. పోయే ప్రాణాన్ని మంచం మీద పోనీయకూడదని మనిషిని కింద చాప మీదికి దించుతారు గదా, అదీ దించడమే. "పాపం, ఆయన్ను దించినారంట" అని వీధిలో వినబడితే ఏ దించడం అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. మా ఊళ్ళో రెండూ ఒకే రోజున జరిగేవి.

అట్లా ఇళ్ళకు వచ్చి శవాలను దించే ఫోటో ఆయన పేరు ఖాసిం సాబు. కర్నూల్లో చిన్న అంగడి. సన్నగా, పొడుగ్గా, మెత్తని మాటతో ఉండేవాడు. ఆయన పెట్టె భుజాన వేసుకొని బస్సు దిగితే చాలు, ఊరి మొదట్లో ఉన్నవాళ్ళు "ఎవురింట్లో సాబూ?" అని అడిగేవాళ్ళు. పెళ్ళికి పిలిచినవాళ్ళు లేరు, బిడ్డ పుడితే పిలిచినవాళ్ళు లేరు. చిన్నాయన రీళ్ళు కడిగించుకోవడానికి ఆయన దగ్గరికే పోయేవాడు. మనుషులెవరూ కెమెరా ముందుకు రావడం లేదని మొరపెట్టుకుంటే సాబు అన్న మాట చిన్నాయన మాకు ఎన్నిసార్లో చెప్పాడు. "కండ్లు మూసినోళ్ళను దించి దించి నాకు బేజారయిపోయిందప్పా. మనుషులు కూసోకపోతే పాయె, బొమ్మల్నన్నా దించుకరా. నవ్వొచ్చేది ఏదన్నా నా కండ్లకు చూపీ." ఆ నవ్వు కోసమే ఆయన పందేలు పెట్టడం మొదలుపెట్టాడు. గెలిస్తే ఒక పొట్లం ఖర్జూరాలు. చిన్నాయన గెలవాలని మొక్కుకునేది నేను, ఎందుకంటే తినేది నేనే.

అమ్మ అప్పటికే తోటలో ఉండేది. తమ్ముడు ఓబులేశు పుట్టాక పట్టుకున్న దగ్గు ఎంతకీ వదలకపోతే కర్నూలు డాక్టరు చూసి క్షయ అని తేల్చాడు. గాలి తగిలే చోట, అందరికీ ఎడంగా ఉంచమన్నాడు. మా బావి తోటలో కొట్టం వేసి ఆమెను అక్కడ పెట్టారు. తమ్ముడు ఇంట్లో జేజి దగ్గర మేకపాల మీద పెరుగుతున్నాడు. అన్నం గిన్నె జేజి తానే తెచ్చి, కొట్టం గడపకు ఇవతల పెట్టి, పక్కకు జరిగి నిలబడేది. నన్ను కొట్టానికి ఎడంగా ఉన్న వేపచెట్టు దాటి పోనిచ్చేది కాదు. తమ్ముణ్ణయితే తోటలోకే తేనిచ్చేది కాదు. అది డాక్టరు చెప్పిన మాటే, అయినా చూడటానికి కష్టంగా ఉండేది. అమ్మ పొద్దంతా మంచం మీద ఒత్తిగిలి తోటను చూసేది. చూడటానికి ఏముంది. మిరపచెట్లు, ఉల్లి మడులు, బావిలోంచి నీళ్ళు తోడే కపిలి లాగుతూ ముందుకూ వెనక్కూ నడిచే ఎద్దులు, వాటి వెనక పాడుకుంటూ మద్దిలేటి. మద్దిలేటి మా జీతగాడు, అబద్ధం చెప్పడం చేతకాని మనిషి.

చిన్నాయన తన మొదటి పందెం సంగతి అమ్మకు వచ్చి చెప్పాడు. తోటలో దిష్టిబొమ్మను దించాలి, దాన్ని చూసి ఖాసిం సాబు మనిషి అనుకోవాలి. అమ్మకు ప్రాణం లేచొచ్చింది. పాత పంచెలు, చిరిగిన రవికెలు అడిగి తెప్పించుకొని మంచం మీదే కూర్చొని కుట్టడం మొదలుపెట్టింది. చిన్నాయన జొన్నచొప్పతో ఒళ్ళు కట్టేవాడు. కొద్దినాళ్ళకే మా తోటంతా బొమ్మలు. తలపాగా చుట్టుకొని నోట్లో చుట్ట పెట్టుకున్న పెద్దరెడ్డి ఒకడు. కర్ర పట్టుకొని మిరపచెట్లను గదమాయించే మునసబు ఒకడు. గుమ్మడికాయ తలతో బావిగట్టున కాళ్ళు వేలాడేసిన తుంటరి ఒకడు. వాళ్ళంతా అమ్మ మంచానికి ఎదురుగానే ఉండాలని చిన్నాయన పట్టు. మద్దిలేటి పొద్దున్నే వచ్చి వరసగా అందరికీ దండాలు పెట్టి పనిలోకి దిగేవాడు. జేజి మాత్రం, మనుషులకు కట్టుకోను బట్టలేక అల్లాడుతుంటే వీడు చొప్పకు సింగారం చేస్తున్నాడని గొణిగేది. గొణుగుతూనే, పెద్దరెడ్డి తలపాగా సరిగా లేదని తానే విప్పి మళ్ళీ చుట్టింది. సాబు మాత్రం ఎన్ని బొమ్మలు చూపినా మోసపోలేదు. మీ పెద్దరెడ్డికి చెవులు మరిచిపోయినారప్పా అని నవ్వి పంపేవాడు.

ఆ తర్వాత ఆయన పందెం మార్చాడు. చూసినవాడు ఏమిటో చెప్పలేని ఫోటో కావాలన్నాడు. కెమెరాకు ముందు పట్టుకొమ్మని ఒక భూతద్దం కూడా ఇచ్చాడు. చిన్నాయనకు పిచ్చి పట్టింది. ఎద్దు మూపురం, కపిలి తోలు మడతలు, ఎండిన చెరువులో పగుళ్ళు, నాపరాయి మీద ఆరిపోతున్న నీళ్ళు, ఏది కనబడితే దాని మీదికి వంగేవాడు. ఫోటోలు కడిగించి తెచ్చిన రోజున అందరం కొట్టం ముందు ఎడంగా కూర్చొని అవేమిటో చెప్పుకునేవాళ్ళం. ఒకసారి ఒకదాంట్లో తెల్లటి నేల, అక్కడక్కడ నల్లటి గుంతలు. నేను చందమామ అన్నాను. నాయన ఎప్పుడో ఎద్దుల కోసం గండికోట దాకా పోయి వచ్చినవాడు, పైనుంచి చూస్తే పెన్న లోయ ఇట్లాగే ఉంటుందన్నాడు. జేజి దూరం నుంచి ఒక్క చూపు చూసి "నా రొట్టె" అంది. ఆ మాడు తనదేనట, కోడలు తడితే అంచు అట్లా ఉండదట. అమ్మ నవ్వింది. అత్తాకోడళ్ళు ఇద్దరూ ఒకేసారి నవ్వగా నేను చూసింది అప్పుడే.

చివరికి దిష్టిబొమ్మను చూసి సాబు మోసపోయిన రోజూ వచ్చింది. అమ్మ తన నీలం చీర ఇచ్చి, తిరగలి ముందు కూర్చున్న ఆడమనిషి బొమ్మ చేయించింది. వీపు ఇటు తిరిగి ఉంటుంది, తలమీద కొంగు, పని చేసి అలసినట్టు కొంచెం వంగిన మెడ. సాబు ఆ ఫోటో చూసి, ఎవరీమె, బతికుండగానే ఒప్పుకుందే అని ఆశ్చర్యపోయాడట. చిన్నాయన ఖర్జూరాలతో పరుగున వచ్చి ఆ సంగతి చెబితే అమ్మ దగ్గు వచ్చేదాకా నవ్వింది. తర్వాత నోటికి అడ్డం పెట్టుకున్న గుడ్డ తీసి, ఆ ఫోటో అడిగి తీసుకొని, చాలాసేపు చూసింది.

"నా చీర కట్టిన సొప్పకు ఫోటో ఉండాది. నాకు ల్యా" అంది.

చిన్నాయన ఖర్జూరాల పొట్లం నా చేతిలో పెట్టి బావివైపు పోయాడు. నాకు తినబుద్ధి కాలేదు.

మరునాడు జేజి అన్నం గిన్నె పెట్టి పక్కకు జరగగానే అమ్మ అడిగింది. తాను బతికుండగానే ఒక్క ఫోటో దించమంది. పోయాక వద్దు, కుర్చీలో కట్టేసి ఎవరివో కళ్ళు అంటించి పెట్టొద్దు. ఓబులేశు పెద్దవాడయ్యాక అమ్మ ఎట్లా ఉండేదని అడిగితే చూపించడానికి ఒక ముఖం ఉండాలి. ఏడవలేదు, నింపాదిగా అడిగింది. జేజి ముఖం బిగుసుకుపోయింది. "ఆ పెట్టె ముందర కూసున్నోళ్ళు ఎవురన్నా మళ్ళా లేసినారా అమ్మీ?" అంది. వాళ్ళు కూర్చోకముందే పోయినవాళ్ళు గదా అని అమ్మ వాదించింది. ఆ వాదన జేజికి ఎక్కలేదు. తన జన్మలో మనిషిని దించిన ప్రతి ఫోటో ముందూ ఆమె ఏడ్చింది. భర్తను దించినప్పుడు ఏడ్చింది, అన్నను దించినప్పుడు ఏడ్చింది. నీకు తగ్గుతుంది, తగ్గాక నీ బిడ్డను నువ్వే ఎత్తుకుంటావు, ముఖం వాడే చూసుకుంటాడు అంది. దించడం గించడం అని తన కడుపున పుట్టినవాడెవడైనా ముందుకొస్తే ఆ బావిలోనే పడతానని చెప్పి, పాత గిన్నె తీసుకోవడం కూడా మరిచి ఇంటికి పోయింది. ఇంత మూర్ఖత్వమా అని అప్పుడు నాకు మండింది. ఇప్పుడు ఆమె వయసుకు వచ్చాక అర్థమవుతున్నది. కోడలి చావును అడ్డుకోవడానికి ఆమె చేతిలో ఉన్నది ఆ 'వద్దు' ఒక్కటే.

యుద్ధం ముదిరింది. కిరసనాయిలు దొరకదు, బట్ట దొరకదు, రీళ్ళు అసలే దొరకవు. ఖాసిం సాబు తన పనికే రీలు లేక, పిలవను వచ్చినవాళ్ళను వెనక్కి పంపేస్తున్నాడట. చిన్నాయన కెమెరాలో ఇంకొక్క ఫోటోకు సరిపడా రీలు మిగిలింది. తల పట్టుకొని కూర్చున్నాడు. చొప్పకు, రొట్టెకు, ఎద్దు మూపురానికి రీళ్ళకు రీళ్ళు తగలేశాడు, మనిషి దగ్గరికి వచ్చేసరికి ఒక్కటి. అమ్మ చెంపలు అప్పటికే లోపలికి పోయాయి, కళ్ళు మాత్రం ఇంకా అమ్మవే. ఇంకా ఆలస్యం చేస్తే ఆ ముఖం కూడా ఉండదని తెలిసి ఒక పొద్దున తెగించాడు. నాయన చేనుకు పోయాడు, జేజి ఇంట్లో తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకొని ఉంది. అదే సమయం అనుకున్నారు ఆయనా అమ్మా.

కొట్టంలో వెలుతురు చాలదు, బయటికి రావాలి. బయట ఎక్కడ కూర్చోవాలన్నా వీపు ఆనుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి, ఆనుకోకుండా ఆమె కూర్చోలేదు. చిన్నాయన కుర్చీ తెమ్మని మద్దిలేటిని ఇంటికి పంపాడు. వేరే కుర్చీ ఎక్కడుంది మరి. అమ్మ తానే తల దువ్వుకొని, పెట్టె అడుగున ఉన్న పట్టుచీర కట్టుకుంది. నేను వేపచెట్టు దగ్గరే నిలబడి కనకాంబరాల మాల ఆమె వైపు విసిరాను. వంగి తీసుకొని జడలో తురుముకుంది. మద్దిలేటి కుర్చీ తెచ్చి దించాక అమ్మ దాన్ని చూసి ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత కుచ్చెళ్ళు సర్దుకొని కూర్చుంది.

ఇంటి దగ్గర జరిగింది మద్దిలేటి తర్వాత చెబితే తెలిసింది. కుర్చీ ఎత్తుకుంటుంటే జేజి చూసి, ఎక్కడికిరా అది అని అడిగింది. మద్దిలేటికి దాచమని ఎవరూ గట్టిగా చెప్పలేదు, చెప్పినా దాచలేడు. "తోటలో అమ్మను దించుతాండారు పెద్దమ్మా, కుర్చీ తెమ్మన్యారు" అన్నాడు. ఉన్నదే చెప్పాననుకొని కుర్చీ నెత్తిన పెట్టుకొని పోయాడు. జేజి చెవిన పడింది వేరే. కోడలిని చాప మీదికి దించారు. కర్నూలుకు మనిషి పోయాడు. కుర్చీ అందుకే. ఆమె తమ్ముణ్ణి పక్కింటామె చేతిలో పెట్టి, పసుపు కుంకుమలు కొంగున కట్టుకొని, గుండెలు బాదుకుంటూ వీధిలోకి వచ్చిందట. వీధిలోని ఆడవాళ్ళంతా ఆమె వెంట కదిలారు. చేలోకి ఎవరో పరుగెత్తి నాయనకూ అదే కబురు చెప్పారు.

తోటలో ఉన్న మాకు ఇవేవీ తెలియవు. చిన్నాయన కెమెరా కడుపుకు ఆనించుకొని వంగాడు. కదలొద్దు వదినా, ఊపిరి బిగబట్టు అన్నాడు. ఊపిరి తీసుకోవడమే గండంగా ఉన్న మనిషి, దగ్గు రాకుండా పెదవులు బిగించి, కళ్ళు తెరిచి, చేతులు ఒళ్ళో పెట్టుకొని రాయిలా కూర్చుంది. సరిగ్గా అప్పుడే జేజి తోట చుట్టూ ఉన్న ముళ్ళకంప దాటింది. ఆమెకు కనబడింది ఏమిటి? ఆ కుర్చీ. దాంట్లో పట్టుచీర కట్టి, పూలు పెట్టి, బిర్రుగా కూర్చోబెట్టిన కోడలు. రెప్ప కొట్టని కళ్ళు. ముందు పెట్టె పట్టుకొని వంగిన మనిషి. ఆమెకు తెలిసిన చావు అచ్చం అట్లాగే ఉంటుంది. ఇన్ని నెలలుగా కొట్టం గడప తొక్కని జేజి, నన్ను వేపచెట్టు దాటనివ్వని జేజి, మిరపచెట్లను తొక్కుకుంటూ పరుగెత్తి అమ్మ మీద పడింది. చిన్నాయన వేలు మీట మీద ఉంది, ఆమెను చూసి ఆగేలోపే నొక్కేసింది. టక్ అని చిన్న చప్పుడు. ఇన్నేళ్ళయినా ఆ చప్పుడు నా చెవిలో ఉంది.

జేజి అమ్మ మెడ చుట్టూ చేతులు వేసి, నన్ను విడిచిపెట్టి నువ్వు పోతావా, పసిబిడ్డను నా నెత్తిన వేసి పోతావా అని తల బాదుకుంటున్నది. ఆ చేతుల మధ్య నుంచి అమ్మ గొంతు వినబడింది.

"అత్తా. నేను బతికే ఉండా."

జేజి ఏడుపు ఆగింది. చేతులు మాత్రం వదల్లేదు. అమ్మ కూడా వదలమనలేదు. ఎన్ని నెలలైందో ఆమెను ఒక మనిషి తాకి. కంప దగ్గర నిలిచిన ఆడవాళ్ళు ఏడవాలో మానాలో తెలియక ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. చేలోంచి పరుగెత్తుకొచ్చిన నాయన అక్కడే కూలబడి, ముఖం మోకాళ్ళలో పెట్టుకొని పెద్దగా ఏడ్చేశాడు. ఆయన ఏడవగా చూడటం నాకు అదే మొదలు, కడ. కాసేపటికి జేజి వెనక్కి జరిగి, అమ్మ ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకొని చూసింది. తన కొంగుతో చెమట తుడిచింది. చెదిరిన వెంట్రుకలు సర్ది, కనకాంబరాలు సరిగా పెట్టింది. కొంగున కట్టుకొచ్చిన కుంకుమ విప్పి నొసట బొట్టు పెట్టింది. అప్పుడు లేచి చిన్నాయన వైపు తిరిగింది.

"దించురా వెంకటేశూ. నా బిడ్డ మొగం బాగుండాది. దించు" అంది.

చిన్నాయన కెమెరా పట్టుకొని నిలబడ్డాడు. "ఐపాయమ్మా" అన్నాడు. "ఉండిందే ఒకటి."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అయిపోవడమేమిటి, మళ్ళీ దించు అంది. రీలు సంగతి ఆయన విడమరిచి చెప్పాక, తిట్టలేదు, అరవలేదు. అమ్మ భుజం పట్టుకొని లోపలికి నడిపించుకుపోయింది. ఆ రోజు నుంచి గిన్నె గడప ఇవతల పెట్టడం మానేసింది. లోపలికి పోయి తినిపించి వచ్చి, స్నానం చేశాకే తమ్ముణ్ణి ఎత్తుకునేది.

చిన్నాయన ఆ రీలు తీసుకొని కర్నూలుకు పోయాడు. ఖాసిం సాబు కడిగి, వెలుతురుకు పెట్టి, ఎటు తిప్పి చూసినా ఏమీ తెలియక సంబరపడ్డాడట. నేను చెప్పలేనప్పా, గెలిచావు పో అని ఖర్జూరాల డబ్బా అందుకున్నాడట. చిన్నాయన ఏడుస్తూ సంగతి చెబితే ఆయన నేలమీద కూర్చుండిపోయాడు. మద్రాసులో ఎవరినో పట్టుకొని ఒక్క రీలైనా తెప్పిస్తానన్నాడు, తెప్పించాడు కూడా. అది వచ్చేసరికి అమ్మ లేదు. కుర్చీలో కూర్చోబెట్టడానికి జేజి ఒప్పుకోలేదు. ఆ రోజు సాబు మా ఊరికి వచ్చాడు, భుజాన పెట్టె లేకుండా. చిన్నాయన ఆ తర్వాత కెమెరా ముట్టలేదు, పందేలు ఆగిపోయాయి. తోటలో బొమ్మలను తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు, వానకూ గాలికీ వాటంతట అవే పోయాయి.

మిగిలింది ఆ ఫోటో ఒక్కటి. ఒక మూల కుర్చీ కాలు, పైన ఇంత ఆకాశం, మిగతాదంతా తెల్లగా బూడిదరంగుగా అడ్డంగా చెరిగిపోయిన పెద్ద చార. జేజి దాన్ని పటం కట్టించి జేజినాయన పక్కన తగిలించింది. తమ్ముడికి మాటలొచ్చినప్పటి నుంచీ చంకన ఎత్తుకొని చూపించేది. ఇదిగో మీ అమ్మ నొసలు, ఇదిగో కొంగు, ఇక్కడ నవ్వుతున్నది చూడు అనేది. వాడు చేయి చాపి తడిమేవాడు. నాకు కడుపు మండేది. ఆ చారలో అమ్మ లేదు, ఒక వేలు కూడా లేదు. కెమెరాకూ అమ్మకూ నడుమ పడింది జేజి. అందులో ఉన్నది జేజి వీపు, గాలికి లేచిన జేజి కొంగు. ఒకరోజు ఆమె రొట్టెలు తడుతుంటే ఉండబట్టలేక అడిగేశాను, అబద్ధం ఎందుకు చెప్తున్నావని. ఆమె చేయి ఆపకుండానే, "నాకు తెల్దా? వానికి ఒకటి ఉండాల గదా" అంది.

అప్పుడే బాగుండేది, ఇప్పుడు ఏముందిలే అనే ముసలివాళ్ళ జాబితాలో నన్ను చేర్చకండి. మా మనవరాలి చేతిలోని ఆ ఫోన్ ఒక్క పొద్దుకు ఆ తోటలో ఉండి ఉంటే మా తమ్ముడికి తల్లి ముఖం ఉండేది. ఆ పిల్ల తన కాఫీ గ్లాసును కూడా నాలుగు వైపులా తీసి, నచ్చక చెరిపేస్తుంది. అది చెరిపేసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు ఝల్లుమంటుంది. అమ్మను చూసిన దాన్ని నేను, అయినా ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆమె నవ్వు వస్తుంది, దగ్గు వస్తుంది, ముఖం సగమే వస్తుంది. ఆ సగం కూడా ఎన్నాళ్ళు ఉంటుందో తెలియదు. దీనికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఈ వయసులోనూ నాకు తెలియడం లేదు.

జేజి చాలా ఏళ్ళు బతికింది. ఓబులేశు చదువుకొని పత్తికొండలో పంతులయ్యాక, ఆమె ఒక మధ్యాహ్నం రొట్టె తిని, నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు. అప్పటికి జనం ఫోటోలకు బాగానే అలవాటు పడ్డారు గానీ జేజి మాత్రం ఏ కెమెరా ముందుకూ రాలేదు. అంత పెద్దమనిషికి ఒక్క ఫోటో అయినా లేకపోయెనే అని వచ్చినవాళ్ళంతా అనుకుంటున్నారు. ఎవరో కర్నూలుకు మనిషిని పంపమన్నారు. ఎవరో లోపలి నుంచి కుర్చీ తెచ్చి వసారాలో వేశారు. తమ్ముడు అప్పుడే బస్సు దిగి వచ్చాడు. జేజి కాళ్ళ దగ్గర కూర్చొని లేచి, కుర్చీని చూసి, దాన్ని తీసి లోపల పెట్టండప్పా, జేజి ఫోటో మన ఇంట్లోనే ఉంది అన్నాడు. దుఃఖంలో మతి తప్పి మాట్లాడుతున్నాడనుకున్నారు. వాడు గోడ మీది ఆ చారల పటం తీసి, దుమ్ము తుడిచి, ఆమె తలాపున నిలబెట్టాడు.

వాణ్ణి పక్కకు పిలిచి, నీకు ఎప్పటి నుంచి తెలుసురా అని అడిగాను.

"ఉప్పుమూటగా నన్ను మోసిన వీపు గదక్కా అది" అన్నాడు. "నాకు తెల్దా?"